రేపల్లె వాళ్ళ కోసం ఆగిన మూత

తెనాలి ఐతానగరులో ఏసుపాదం ఎవరివంకైనా తేరిపార చూస్తే వాళ్ళు మెల్లగా పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆయన చూపు చెడ్డది కాదు, మనిషి అసలే చెడ్డవాడు కాడు. చేసే పని అలాంటిది. ముప్ఫై అయిదేళ్ళుగా శవపెట్టెలు చేస్తున్నవాడికి ఎదుటి మనిషి పొడవెంతో, భుజాల వెడల్పెంతో కొలబద్ద లేకుండానే తెలిసిపోతుంది. తెలిసినా పైకి అనకూడదన్న ఇంగితం ఆయనకుంది గానీ, ఆ సంగతి నమ్మేదెవరు? పెళ్ళి భోజనాల్లో ఆయన పక్క ఆకు ఎప్పుడూ ఖాళీయే. చర్చిలో ఆయన కూర్చున్న బల్ల మీద ఇంకో ముగ్గురికి చోటుండేది. ఎండాకాలంలో అదొక సుఖంలే అనేవాడు.

పుట్టింది కొలకలూరులో, కూలి చేసుకునే ఇంట్లో. లూథరన్ బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. ఆ బడి బెంచీలు బాగుచేసే వడ్రంగి దగ్గరే చిత్రిక పట్టడం నేర్చాడు. తెనాలి వచ్చి తలుపులూ మంచాలూ చేసుకుంటూ ఉండగా ఒకసారి పాస్టరుగారి తల్లి పోయింది. పెట్టెకి మనిషి దొరకలేదు. ఏసుపాదం ఒక్క పూటలో చేసిచ్చాడు. మూలల్లో సందు లేదు, మూత చక్కగా కూర్చుంది. అంతే, ఆ మర్నాటి నుంచి ఆయన్ని మంచం చేయమన్నవాడు లేడు. పెట్టె చేసిన చేత్తో చేసిన మంచం మీద ఎవరికి నిద్రపడుతుంది? అలా తను కోరుకోకుండానే పెట్టెల ఏసుపాదం అయిపోయాడు. ఇటు బాపట్ల, అటు రేపల్లె దాకా మన సంఘాల్లో ఎవరు కన్నుమూసినా కబురు ఐతానగరుకే వచ్చేది.

ఆయన దగ్గరొక లావుపాటి బైండు పుస్తకం ఉండేది. పేరు, ఊరు, పొడవు, వెడల్పు, ఆ తర్వాత ఎలా పోయిందీ. ఇది ఊసుపోక రాసింది కాదు. కాలవలో పడ్డ మనిషికి పెట్టె లోతుగా ఉండాలి, క్షయతో పోయినవాళ్ళకి కాస్త ఇరుకైనా ఫర్వాలేదు. ఆఖరి గడి పేరు "మూత". పెళ్ళయిన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు వచ్చి చీర కప్పేదాకా మూతకి మేకు కొట్టకూడదు. ఎంత ఎండైనా, ఎంత దూరమైనా ఆగాల్సిందే. ఏసుపాదం మేకులు నోట్లో పెట్టుకుని, సుత్తి పట్టుకుని ఆగేవాడు. ఆలస్యమెందుకైందని ఎవరైనా తనమీద విసుక్కుంటే చూపించడానికి, ఎవరికోసం ఆగాడో రాసుకునేవాడు. "మూత ఆగింది. చీరాల వాళ్ళ కోసం. నాలుగు గంటలు." డెబ్భై ఏడు ఉప్పెనప్పటి పేజీల్లో పేర్లు కూడా లేవు, వరసగా కొలతలే. ఆ పేజీలు ఆయన మళ్ళీ ఎప్పుడూ తిప్పలేదు.

ఆ పుస్తకంలో ఒక్క మనిషి మాత్రం లేదు. ఆయన భార్య సారా.

సారాది రేపల్లె. బాగా నవ్వే మనిషి. 1968 మే నెలలో ఒక పొద్దున తల రెండు చేతులా పట్టుకుని, "తల పోటెత్తిపోతోందయ్యా, కాసేపు పడుకుంటాను" అంది. చెక్కల బండి గుమ్మంలో ఉంది, ఏసుపాదం చిరాకులో ఉన్నాడు. "పనున్న రోజే వస్తుందేంటే నీకు తలనొప్పి? నటనలు చాల్లే, ముందు నీళ్ళు పట్టు" అన్నాడు. ఆమె బిందె తీసుకుని వెళ్ళింది. కుళాయి దగ్గర పెద్ద కేక వేసి పడిపోయింది, ఇక లేవలేదు. అప్పటికామెకి ముప్ఫై ఏళ్ళు. కూతురు ప్రేమకుమారికి ఎనిమిది.

భార్య పెట్టె కూడా ఆయనే చేశాడు. కొలవలేదు, అక్కర్లేకపోయింది. మూత రేపల్లె వాళ్ళ కోసం ఆగింది. సారా అన్న బాలస్వామి చీర తెచ్చి కప్పాడు. రేపల్లె చర్చిలో ఉపదేశిగా పనిచేసే ఆ బాలస్వామి పదిమందిలో ఏసుపాదం వైపు తిరిగి, "నీ నోటికి మా పిల్ల బలైపోయింది బావా" అన్నాడు. ఏసుపాదం ఎదురు చెప్పలేదు. చెప్పడానికేముంది, తను కూడా అదే అనుకుంటున్నాడు. ఆ రోజు పుస్తకం తెరిచాడు గానీ, ఎలా పోయిందీ అన్న గడిలో ఏం రాయాలో తెలియక మూసేశాడు.

ఆ తర్వాత బావలిద్దరూ రెండుసార్లు ఎదురుపడ్డారు, రెండుసార్లూ మధ్యలో పెట్టె ఉంది. డెబ్భై నాలుగులో సారా అక్క మరియమ్మ కొలకలూరులో అత్తింట పోయింది. డెబ్భై తొమ్మిదిలో వాళ్ళ మేనత్త లేయమ్మ చేబ్రోలులో పోయింది. బాలస్వామి చీరతో వచ్చాడు, కప్పాడు, వెళ్ళాడు. ఏసుపాదం మేకులు నోట్లో పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. నోట్లో మేకులుంటే మాట్లాడక్కర్లేదు, అదో సదుపాయం. ఆ రెండు ఇళ్ళలోనూ ఎవరో ఒకరి మీద నేరం పడింది. మరియమ్మని కొడుకు విసుక్కున్నాడట. లేయమ్మకి కోడలు తిండి పెట్టలేదట. మనవాళ్ళకి మనిషి ఊరికే పోయాడంటే మనసొప్పదు, ఎవరివల్ల పోయాడో తేలాలి.

ఏసుపాదం మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ప్రేమకుమారిని తనే పెంచాడు, టీచరు ట్రైనింగు చదివించాడు. ఆ పిల్ల విషయంలో ఆయనకొక పట్టింపు ఉండేది. కూతుర్ని ఎప్పుడూ తలనుంచి పాదం దాకా చూసేవాడు కాదు. మొహం మాత్రమే చూసేవాడు. పనిచేసే పాకలోకి ఆమె వస్తే, "నిలబడకమ్మా, కూర్చో" అని పీట తోసేవాడు. నిలబడితే తన కళ్ళు ఊరుకోవు, కొలిచేస్తాయి. ఆ కొలత తనకి తెలియకూడదు. ప్రేమకుమారికి ఈ సంగతి తెలియక, మా నాన్నకి మర్యాద ఎక్కువ అని అందరికీ చెప్పేది.

1987లో ఒక ఆదివారం సాయంత్రం పాక ముందు తెల్ల ఫియట్ కారు ఆగింది. దిగినావిడ డాక్టర్ వసుంధర. గంగానమ్మపేటలో పెద్ద రైతు శివరామయ్యగారి అమ్మాయి, గుంటూరులో ఒక ఆసుపత్రిలో మెదడుకి ఆపరేషన్లు చేస్తుంది. ఆదివారాలు తండ్రి దగ్గరికి తెనాలి వస్తుంది. ఎదురుగా సైకిల్ షాపు సుబ్బారావు చేతిలో ఉన్న పంపు వదిలేసి మరీ నవ్వాడు.

"ఇదేంటి బాబాయ్, డాక్టర్లు తిన్నగా నీ దగ్గరికే వచ్చేస్తున్నారు? మధ్యలో ఆసుపత్రి దేనికనా?"

వసుంధర కూడా నవ్వేసింది. ఏసుపాదానికి ఆ నవ్వు నచ్చింది. పీట తుడిచి వేశాడు.

"ఏసుపాదం గారూ, కొలకలూరు నుంచి దావీదు అనే అతను పోయిన నెల మా దగ్గరికొచ్చాడండి. బతికించలేకపోయాను. వాళ్ళమ్మ కూడా ఇలాగే ఉన్నట్టుండి తలనొప్పితో పోయిందని ఇంట్లోవాళ్ళంటున్నారు. ఎప్పుడు, ఎలా అంటే, పెట్టెల ఆయన్ని అడగండి, ఆయన రాస్తాడు అన్నారు."

దావీదు మరియమ్మ కొడుకు. ఆ పిల్లవాడి పెట్టె చేసి నెల కాలేదు. ఏసుపాదం పుస్తకం తీశాడు. వసుంధర చూస్తూ చూస్తూ తన పని సంగతి చెప్పింది. మెదడులో రక్తనాళాలు కొమ్మలుగా చీలేచోట కొందరికి గోడ పల్చబడి బుడగలాగా ఉబ్బుతుంది. టైరు అరిగినచోట ట్యూబు బయటికి పొంగినట్టు. అది పగిలితే భరించలేని తలనొప్పి, ఆ తర్వాత చాలామంది ఆసుపత్రి దాకా కూడా రారు. ఇది కొన్ని కుటుంబాల్లో నడుస్తుందా అన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. రెండేళ్ళుగా వచ్చిన ప్రతి రోగి దగ్గరా ఫారం నింపిస్తోంది. తండ్రి ఎవరు, తాత ఎవరు, ఇంటిపేరేంటి. డెబ్భై ఫారాలయ్యాయి, ఒక ఇంటిపేరుకీ ఇంకో ఇంటిపేరుకీ పొంతన లేదు. నువ్వు లేనిదాన్ని వెతుకుతున్నావమ్మా అని పెద్ద డాక్టర్లు అంటున్నారట.

మరియమ్మ వరుస దగ్గర ఆమె వేలు ఆగింది. "మూత ఆగింది. రేపల్లె బాలస్వామి వాళ్ళ కోసం." పేజీలు తిప్పింది. లేయమ్మ, చేబ్రోలు, ఉన్నట్టుండి తలనొప్పి. "మూత ఆగింది. రేపల్లె బాలస్వామి వాళ్ళ కోసం."

"ఈ లేయమ్మగారికి రిబ్కా అని కూతురుందా అండి?"

"ఉందండి. నిరుడు మీ గుంటూరులోనే తలకి ఆపరేషన్ చేయించుకుని బతికి బయటపడింది."

"చేసింది నేనేనండి." వసుంధర పుస్తకం మూసి కాసేపు చేతిలోనే పట్టుకుంది. "దావీదుని అడిగితే మా వంశంలో లేదన్నాడు. రిబ్కా లేదంది. ఇద్దరూ తండ్రివైపే లెక్కపెట్టారు. నేనడిగింది కూడా అదే కదా. నా ఫారంలో పుట్టిల్లు అనే గడే లేదు! మీ పుస్తకంలో ఉంది."

పెద్ద చదువులు చదివినావిడ తన పుస్తకాన్ని అలా పట్టుకోవడం చూసి ఏసుపాదం కొంచెం పొంగిపోయాడు. మరుక్షణమే ఆమె అసలు ప్రశ్న అడిగింది.

"ఆ రేపల్లె ఇంటి ఆడపిల్లలు ఇంకెవరైనా ఇలా పోయారా అండి?"

"లేదండి" అన్నాడు. మాట నోటివెంట దానంతట అదే వచ్చేసింది. అబద్ధమాడానని కూడా ఆయనకి అనిపించలేదు. సారా రోగంతో పోలేదు, తన మాటతో పోయింది. రోగాల లెక్కలో ఆమె ఎలా వస్తుంది?

"ఆ బుడగ పగలబోయే ముందు కొందరికి ఒక కంటిరెప్ప వాలిపోతుంది. వీళ్ళలో ఎవరికైనా గమనించారా?"

"నేను వెళ్ళేసరికి అందరి కళ్ళూ మూసే ఉంటాయండి."

వసుంధర నవ్వలేదు. ఆ వరసలన్నీ కాగితం మీద ఎక్కించుకుని వెళ్ళింది. రేపల్లె బాలస్వామికి ఉత్తరం రాసింది. మా ఇంట్లో అలాంటి జబ్బేమీ లేదు, దేవుడు పిలుచుకున్నాడు అని నాలుగు వాక్యాల్లో జవాబొచ్చింది. పెళ్ళి కావలసిన ఇద్దరు కూతుళ్ళున్న మనిషి అంతకంటే ఏం రాస్తాడు? ఒక బావ అవమానానికి భయపడి, ఇంకో బావ నేరానికి భయపడి నోరు మూసుకున్నారు. ఆ ఇంటి చరిత్ర సగంలో ఆగిపోయింది.

1989 అక్టోబరులో, త్రైమాసిక పరీక్షలైన వారం, ప్రేమకుమారి తెనాలి వచ్చింది. అప్పటికామెకి పెళ్ళైంది, బాపట్లలో బడిపంతులమ్మగా పనిచేస్తోంది. భర్త ఎజ్రా వ్యవసాయ కాలేజీలో గుమాస్తా. నాలుగేళ్ళ కూతురుంది, పేరు సారా. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ తండ్రివైపు తలెత్తింది.

కుడికంటి రెప్ప సగం వాలి ఉంది.

"కంటికేంటమ్మా?"

"ఏం లేదు నాన్నా. వారం రోజులుగా పేపర్లు దిద్దుతున్నా కదా, నిద్ర చాలక. పిల్లలైతే, టీచరుగారు కన్ను కొడుతున్నారని ఒకటే నవ్వు."

ఏసుపాదం వంగి ఆ కన్ను మళ్ళీ చూశాడు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట, సారా పోవడానికి వారం ముందు, ఆమె కూడా ఇలాగే ఒక కన్ను సగం మూసి తిరిగింది. అప్పుడు తను, "కన్ను కొడుతున్నావేంటే, ఈ వయసులో" అని ఆటపట్టించాడు. ఆమె సిగ్గుపడి కొంగు కప్పుకుంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు ఆ కన్నే కూతురి మొహంలోంచి తనని చూస్తోంది.

"లే అమ్మా. కత్తిపీట పక్కన పెట్టి లే."

రిక్షా ఎక్కించి గంగానమ్మపేట తీసుకెళ్ళాడు. దారిలో గతుకు తగిలినప్పుడల్లా రిక్షావాణ్ణి తిడుతూనే ఉన్నాడు. శివరామయ్యగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. పెట్టెల ఏసుపాదం గేటు తీయడం చూసి ఆయన మొహం మాడిపోయింది.

"ఏమోయ్, ఇక్కడెవరికీ ఏం కాలేదే! మాకు నీతో పనేముంది?"

"నాకుందండి. చిన్నమ్మగార్ని పిలవండి."

వసుంధర బయటికొచ్చింది. ఏసుపాదం కూతుర్ని ముందుకి నెట్టి, ఎవరేమనుకుంటారో చూడకుండా గడగడా చెప్పేశాడు.

"ఆ రోజు మీతో అబద్ధం చెప్పానండి. రేపల్లె వాళ్ళ ఆడపిల్ల ఇంకొకత్తి ఉంది. నా భార్య సారా. పుస్తకంలో రాయలేదండి. తలనొప్పంటే నటనలన్నాను, నీళ్ళకి పంపాను. నా మాటవల్లే పోయిందని రాయడానికి చెయ్యి రాలేదు. ఆమెకి కూడా ముందు ఇలాగే రెప్ప వాలింది. ఇది నా కూతురండి."

వసుంధర అప్పటికే టార్చి తీసి ప్రేమకుమారి కళ్ళలోకి చూస్తోంది. కుడి కనుపాప పెద్దదైపోయి ఉంది, వెలుతురు పడినా చిన్నది కావట్లేదు.

"ఇవాళే గుంటూరు వెళ్దాం. నాన్నా, కారు తాళాలు."

శివరామయ్యగారు పేపరు పక్కన పెట్టి లోపలికెళ్ళి తాళాలు తెచ్చారు. ఏసుపాదం మెట్టుమీదే ఉండిపోయాడు. ఇన్నేళ్ళుగా ఎవరినీ అడగని ప్రశ్న ఒకటుంది. ఎలాగో అడిగేశాడు.

"అమ్మా, మాట పడితే అది పగులుతుందా అండి?"

వసుంధర కారు దాకా వెళ్ళినావిడ వెనక్కొచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"మాటకి బుడగ పుట్టదండి. అది ఏళ్ళ తరబడి పెరుగుతుంది. మీరు నవ్వుతూ మాట్లాడినా ఆ పొద్దున పగిలేదేమో. ఎప్పుడు పగులుతుందో నాకే తెలీదు, ఇంకెవరికీ తెలీదు. ఆ రెప్ప వాలినప్పుడే ఆవిడ లోపల ఆ బుడగ నరాన్ని నొక్కుతోంది. ఆ రోజుల్లో తెనాలిలో దాన్ని కనిపెట్టగలిగిన మనిషి లేడు. అది మీ తప్పు కాదు. రెండేళ్ళ కిందట నాకు చెప్పకపోవడం మాత్రం తప్పే. సరే, ఇప్పుడు చెప్పారుగా. ఎక్కండి."

గుంటూరులో తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, మందు ఎక్కించి ఫోటోలు తీశారు. ఆ నల్ల ఫిల్ము మీద వసుంధర వేలు పెట్టి చూపిస్తే ఏసుపాదానికి కూడా కనబడింది, కొమ్మ చీలినచోట శనగగింజంత బుడగ. గురువారం ఆపరేషన్ అన్నారు. ప్రమాదం లేదని వసుంధర అనలేదు. పదిమందిలో ఒకరికో ఇద్దరికో తేడా జరగొచ్చు, చేయకపోతే అంతకన్నా ప్రమాదం అని ప్రేమకుమారికీ ఎజ్రాకీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ప్రేమకుమారి కాగితం మీద తనే సంతకం పెట్టింది, హాజరుపట్టీలో పెట్టినంత గుండ్రంగా.

ఏసుపాదం అడిగినవి పనివాడి ప్రశ్నలు. "ఎముక తెరవాలి కదండీ. దేంతో తెరుస్తారు?"

"బెజ్జాలు వేసి, మధ్యలో రంపంతో."

"ఆ బుడగనేం చేస్తారు?"

"మెడ దగ్గర చిన్న క్లిప్పు పెట్టేస్తాను. రక్తం దాంట్లోకి పోదు, ఇక పగలదు."

"మరి మూత మళ్ళీ సరిగ్గా కూర్చుంటుందా అండి?"

వసుంధర ఆయన చేతులవంక చూసింది. "కూర్చుంటుందండి. మేకులు మాత్రం కొట్టను, తీగతో కుడతాను."

మంగళవారం ఆయన రేపల్లె పాసింజరు ఎక్కాడు. వెళ్ళమని వసుంధర చెప్పలేదు. ఆ ఇంటి మిగతావాళ్ళని కూడా చూడాలి అని మాత్రం అంది. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత అత్తవారి గుమ్మంలో అడుగుపెట్టాడు. బాలస్వామి ముసలాడైపోయాడు. అరుగు మీద కూర్చుని బైబిలు చదువుకుంటున్నవాడు, బావని చూసి కళ్ళద్దాలు తీశాడు.

"ఎవరి కొలతకొచ్చావు?"

"కొలతకి కాదు బావా, వందనాలు. మీ ఆడపిల్ల పోతే మీకు కబురు పెట్టడం ఆచారం. ఈసారి బతికుండగానే చెబుదామని వచ్చాను. ప్రేమకి ఎల్లుండి తలకి ఆపరేషన్."

సంగతంతా చెప్పాడు. మరియమ్మ, లేయమ్మ, సారా, దావీదు, రిబ్కా, అందరి పేర్లూ వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. లోపల తలుపు చాటున బాలస్వామి కూతుళ్ళిద్దరూ నిలబడి వింటున్నారు. ఏసుపాదం వాళ్ళకీ వినబడేలాగే చెప్పాడు.

బాలస్వామి బైబిలు మూసి పక్కన పెట్టాడు. "ఆ డాక్టరమ్మకి నేను అబద్ధం రాశాను" అన్నాడు.

"నేను అబద్ధం చెప్పాను."

"నిన్ను పదిమందిలో అన్నాను బావా. నీ నోటికి బలైందన్నాను."

"నువ్వన్నదే నేనూ అనుకున్నానుగా. కాదంట బావా. డాక్టరమ్మ కాదంది." ఆ మాట చెప్తూ ఏసుపాదం ఏడ్చేశాడు. సారా పోయిన రోజున కూడా ఏడవనివాడు, అత్తవారి అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బాలస్వామి చిన్న కూతురు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "మావయ్యా, తాగండి" అంది. ఆ పిలుపు ఆయన వినడం అదే మొదటిసారి.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ప్రేమకుమారిని లోపలికి తీసుకెళ్ళారు. ఎజ్రా గోడవైపు తిరిగి ప్రార్థన చేసుకుంటున్నాడు. ఏసుపాదం ప్రార్థన మొదలుపెట్టేవాడు, సగంలో మర్చిపోయేవాడు, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. ఇన్నాళ్ళూ ఎన్నో గుమ్మాల్లో ఆగాడు గానీ, ఆగడం ఇంత కష్టమని ఎప్పుడూ తెలియలేదు. అప్పుడు తన చేతిలో పనుండేది.

పదకొండింటికి బాలస్వామి వచ్చాడు, చంకలో పొట్లంతో. కాగితం చిరిగినచోట ఎర్ర అంచు కనబడుతోంది. అది చీర. ఏసుపాదం రెండడుగులు వెనక్కి వేశాడు. రేపల్లె నుంచి ఆయన చీర తెచ్చిన ప్రతిసారీ ఆ తర్వాత తను మేకు కొట్టాడు.

"ఆ చీరేంటి బావా? ఇప్పుడెందుకు తెచ్చావు? తీసుకెళ్ళిపో."

"తీసుకెళ్ళను" అన్నాడు బాలస్వామి. "మా ఇంటి ఆడపిల్లలకి ముగ్గురికి పోయాకే కప్పాను. ఇది పిల్ల లేచి కట్టుకోవాల్సిన చీర. కట్టుకునేదాకా నేనిక్కడే ఉంటాను."

ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు, చీర మధ్యలో పెట్టుకుని. మధ్యాహ్నం రెండు దాటింది. తలుపు తెరుచుకుని వసుంధర బయటికొచ్చింది, టోపీ తీసేస్తూ. తిన్నగా ఏసుపాదం దగ్గరికొచ్చింది.

"మూత సరిగ్గా కూర్చుందండి" అంది.

పదకొండో రోజున ప్రేమకుమారి మంచం దిగి, గోడ పట్టుకోకుండా నిలబడింది. తలకి కట్టు, ఒంటిమీద ఎర్రంచు చీర. ఏసుపాదం అలవాటుగా పీట కోసం చూసి, మనసు మార్చుకున్నాడు. కూతుర్ని తలనుంచి పాదం దాకా తృప్తిగా చూశాడు. కళ్ళు కొలిచాయి, కొలవనిచ్చాడు.

"అయిదడుగుల రెండంగుళాలు" అన్నాడు పైకే.

"అయ్యో నాన్నా, ఆసుపత్రిలో ఆ లెక్కలేంటి!" అని ఆమె కసిరింది. ఎజ్రా నవ్వాపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయాడు.

రెప్ప లేవడానికి మూడు నెలలు పట్టింది. ఆ శీతాకాలంలోనే ఏసుపాదం పుస్తకంలో సారా వరుస రాశాడు. పేరు, ఊరు, పొడవు, వెడల్పు. ఎలా పోయింది అన్న గడిలో "మెదడులో రక్తనాళం పగిలి" అని గుండ్రటి అక్షరాలతో రాసి, మూత గడి కూడా నింపి, పుస్తకం మొత్తాన్ని వసుంధరకి ఇచ్చేశాడు. తను ఇంకో పుస్తకం కొనుక్కున్నాడు. వసుంధర ఫారం మార్చింది. తల్లి ఎవరు, అమ్మమ్మ ఎవరు, పుట్టిల్లు ఎక్కడ అని కొత్త గడులు వేసి, పాత రోగుల ఇళ్ళకి మళ్ళీ తిరిగింది. బాపట్ల వైపు ఇంకో రెండు కుటుంబాలు అలాగే బయటపడ్డాయి. బాలస్వామి చిన్న కూతురికి, ఆ రోజు మంచినీళ్ళిచ్చిన పిల్లకే, బుడగ దొరికింది. తొంభై ఒకటిలో ఆపరేషన్ అయింది, తర్వాతి ఏడు పెళ్ళి కూడా అయింది. ఆ పెళ్ళిలో ఏసుపాదం పక్క ఆకు ఖాళీగా లేదు, బాలస్వామి కూర్చున్నాడు.

తొంభై మూడులో వసుంధర పరిశోధన అచ్చయింది. ఒక ఆదివారం ఆమె ఆ కాగితాలతో పాకకొచ్చింది. ఇంగ్లీషు మాటలు ఏసుపాదానికి అర్థం కాలేదు గానీ, మధ్యలో ఉన్న పటం చూపించమన్నాడు. పేర్లు లేవు. మగవాళ్ళకి చతురస్రాలు, ఆడవాళ్ళకి సున్నాలు, మధ్యలో గీతలు. ప్రేమకుమారి కూడా వచ్చింది, పాకలో నిలబడే ఉంది.

"నల్లగా నింపినవి జబ్బు ఉన్నవాళ్ళవండి. వాటిమీద అడ్డంగా గీత ఉంటే చనిపోయినట్టు" అంది వసుంధర.

చెప్పకుండానే ఆయన వేలు సారాని పట్టుకుంది. నల్ల సున్నా, అడ్డంగా గీత. కాసేపు అక్కడే ఉంచాడు. ఆ తర్వాత వేలు నిలువుగా కిందికి దిగింది. ఇంకో నల్ల సున్నా. కళ్ళద్దాలు సరిచేసుకుని దగ్గరగా చూశాడు. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి మళ్ళీ చూశాడు. మనుషులు పోయాకే వాళ్ళని కాగితం మీద పెట్టడం తెలిసినవాడు, బతికున్న మనిషిని ఇలా రాసి ఉండడం ఎప్పుడూ చూడలేదు.

"దీనిమీద గీత లేదండి" అన్నాడు.

"లేదండి" అంది వసుంధర.

ఏసుపాదం కొలబద్ద తీసి ఆ పటం పొడవూ వెడల్పూ కొలిచాడు. టేకు ముక్కలు వెతికి, ఆ పూటే దానికి ఫ్రేము కట్టడం మొదలుపెట్టాడు.